రామకోటిలో మిగిలిన ఒక్క గడి

మూడేళ్లు రాసి రాసి వేలు కాయ కాసిన రమాబాయికి ఇప్పుడు లెక్క దగ్గర తల తిరిగిపోతోంది. క్షయతో ఆసుపత్రిలో ఉన్న తమ్ముడు రఘునాథ్ కోసం ముగ్గురు ఆడవాళ్లు రామకోటి మొక్కారు: తనూ, చెల్లెలు పద్మజా, రఘునాథ్ భార్యా. కోటిసార్లు రామనామం రాయాలి. పుణ్యంలో హెచ్చుతగ్గులు రాకూడదని సమంగా పంచింది రమాబాయే. తలా ముప్ఫైమూడు లక్షల ముప్ఫైమూడు వేల మూడు వందల ముప్ఫైమూడు. అందరూ పూర్తిచేశారు. తీరా కూడితే కోటికి ఒకటి తక్కువ. ఎల్లుండే ఆపరేషన్.

"నేను రాస్త," అంది పద్మజ.

"నువ్వెందుకు, పెండ్లాన్ని నేను లేనా," అంది మరదలు.

ఒక్క నామం కోసం ఇంత లొల్లి. రమాబాయి భయం మాత్రం వేరు. పంపకంలో తప్పు తనదే, అది తమ్ముడికి తగులుతుందని.

పక్కింటి అబ్దుల్ వాహెద్ బళ్లో లెక్కలు చెప్తాడు. వెళ్లి అడిగింది.

"తప్పేం లేదక్కా. కోటిని ముగ్గురికి పంచితే ఒకటి మిగుల్తది. పది కోట్లయినా ఒకటే, నూరు కోట్లయినా ఒకటే."

"గంత పెద్దదైనా?"

"ఎంతయినా గంతే. అన్నీ తొమ్మిదులున్న సంఖ్య ముగ్గురికి సాఫ్‌గ పోతది. దాని మీది ఒకటి పోదు."

"మరి ఆ ఒకటి ఎవరిది భాయ్?"

వాహెద్ గడ్డం గోక్కున్నాడు. "అది లెక్క చెప్పదు. నలుగురైతే మాత్రం ఏం మిగలదు."

రమాబాయి బుర్ర ఇంకా గజిబిజి అయింది. నాలుగో మనిషి ఉంది మరి, ఆఖరి చెల్లెలు సూర్యప్రభ. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, ఇంట్లో చెప్పకుండా వేరే కులం అబ్బాయిని చేసుకుంది. ఆరేళ్లుగా మాటల్లేవు. మొక్కు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. ఆ ఒకటి దానిదేనా, తన పిచ్చా? ఏదీ తేలక, ఒక్క గడి ఖాళీగా ఉన్న పుస్తకం పట్టుకుని టాంగా ఎక్కి బహదూర్‌పురా వెళ్లింది.

తలుపు తీసిన సూర్యప్రభకు పుస్తకం చాపింది. "ఒక్కటి మిగిలింది. నువ్వు రాయి."

సూర్యప్రభ లోపలి నుంచి ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చింది. నిండా రామకోటి పుస్తకాలే.

"మీరు మొక్కిండ్రని ఎవరో చెప్పిండ్రు. మనం నలుగురం గద అక్కా. తలా ఇరవై ఐదు లక్షలు. నా వంతు నిన్ననే అయిపోయింది."

రమాబాయి మెట్టు మీదే కూలబడి వేళ్ల మీద మళ్లీ కూడింది. ఇప్పుడు కోటీ పాతిక లక్షలకు ఒకటి తక్కువ. మళ్లీ అదే ఒకటి. ఏడుపు ఆగలేదు.

సూర్యప్రభ పక్కనే కూర్చుని కలం తీసి ఖాళీ గడిలో నామం రాసింది. "ఇప్పుడు సరిపోయిందా?"

"నాకు లెక్క రాదే," అంది రమాబాయి. "ఎల్లుండి ఆసుపత్రికి నువ్వు గూడ రా. నలుగురం పోదాం."