మీసాల సవతి

కబురు వచ్చేసరికి నేను స్టూలెక్కి కర్టెన్లు తగిలిస్తున్నాను. మా ఆయన వీధి మొదట్లోంచే నన్ను పేరు పెట్టి పిలుస్తూ మెట్లెక్కి వచ్చాడు. పెళ్లయ్యాక ఆయన అలా అరవడం అదే మొదటిసారి. బస్సు డ్రైవర్లకు హారను ఉంటుంది కాబట్టి గొంతు అరగదని నేను ఏడిపిస్తుంటాను.

"రూలు వచ్చేసింది," అన్నాడు చెప్పులైనా విప్పకుండా.

స్టూలు మీద నిలబడే ఆ కథంతా రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇకనుంచి ఏ డ్రైవరూ రోజుకు ఇన్ని గంటలకు మించి బండి నడపకూడదు. రాత్రి బస్సులో ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలి. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనకున్న బెర్తులో పడుకోవాలి. ట్రిప్పు అయ్యాక ఇంట్లో నిండుగా విశ్రాంతి తీసుకుంటేనే మళ్లీ డ్యూటీ.

ఇంట్లో నిండుగా విశ్రాంతి. ఆ మూడు మాటలూ ఎంత బాగున్నాయో. అప్పటిదాకా నా కాపురం ఒక తడి తువ్వాలుతోనూ, గుమ్మంలోని ఒక చెప్పుల జతతోనూ సాగింది. ఆయన రావడం, తినడం, ఇలా నడుం వాల్చగానే డిపో నుంచి పిలుపు, మళ్లీ వెళ్లడం. ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి పల్చటి పూల కర్టెన్లకు బదులు ఎండ చొరబడని నీలం కర్టెన్లు కొన్నాను. కొత్త దిండొకటి కొన్నాను. ఇంటికొచ్చి వాటిని సర్దుకుని, ఆ చీకటి గదిలో ఊరికే కాసేపు కూర్చుని నవ్వుకున్నాను.

రెండో డ్రైవరు ఎవరని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఎవరైతే నాకేం అనుకున్నాను.

ఆ రెండో డ్రైవర్ని డిపోలో అందరూ నిదానం అంటారట. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదట. కూతురు పుట్టిందని కబురొచ్చినప్పుడు కూడా బస్సును గీతల మధ్య సరిగ్గా నిలిపి, అద్దం తుడిచి, అప్పుడు ఆస్పత్రికి బయల్దేరాడట. ఇవన్నీ మా ఆయన మొదటి ట్రిప్పు నుంచి వచ్చీ రాగానే చెప్పాడు. మొహం అప్పుడే కడిగినట్టు తేటగా ఉంది.

"అన్న నడుపుతుంటే గేరు మారిన సంగతి కూడా తెలీదు. పసిపిల్లాడిలా పడుకున్నా," అన్నాడు.

ఆ రోజు సంతోషించాను. మనసారా సంతోషించాను. తర్వాత ఆయన నీలం కర్టెన్ల వెనక, కొత్త దిండు మీద తల పెట్టి, ఫ్యాను రెక్కల్ని చూస్తూ మధ్యాహ్నం దాకా మేలుకునే ఉన్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కదిలే బస్సులో, ఎవరో పరాయి మగాడి వెనక ఒళ్లు తెలియకుండా నిద్రపోయే మనిషికి నా ఇంట్లో, నా మంచం మీద కునుకు పడదు.

అప్పటినుంచి "అన్న" అన్న మాట వింటే చాలు, నాకు ఒళ్లు మండేది. టీలో పంచదార తగ్గించమని పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతున్నాను, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. అన్న ఒక్కసారి చెప్పాడట, మానేశాడు. మెడకు చుట్టుకునే దిండు కొనుక్కోమని అన్న సలహా ఇస్తే అదీ కొన్నాడు. అది బస్సులోనే ఉంటుంది. నేను కొన్న దిండు మీద పడుకుని ఆ దిండు గుణగణాలు నాకు వర్ణించాడు. వరసకు నిదానంగారు నాకు బావగారవుతారు. నేను మాత్రం మనసులో సవతి అని పెట్టుకున్నాను. అక్కకు ఫోన్ చేసి చెప్పుకుంటే పడీ పడీ నవ్వింది.

"తెల్లమీసాల సవతికి భయపడతావేంటే. మీసాలకు రంగేసిన రోజు చెప్పు, నేను వస్తాను," అంది.

నవ్వితే నవ్వనీ. నా పంతం నాది. ఆయన పడుకునే వేళకి కుక్కరు పెట్టడం మానేశాను. ఎదురింటి వాళ్లతో రేడియో తగ్గించమని గొడవ కూడా పడ్డాను. నిద్ర పట్టిందో లేదో చూద్దామని ఉండుండి తలుపు సందులోంచి తొంగి చూసేదాన్ని. మేలుకునే ఉండేవాడు. ఎలాగూ మేలుకునే ఉన్నాడు కదా అని లోపలికి వెళ్లి, కిటికీలో మొక్క కొత్త ఆకు వేసిందని చూపించేదాన్ని. నీళ్ల మోటారు ఆపాడో లేదో, గ్యాసు సిలిండరు కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలో అడిగేదాన్ని. పాల మీద మీగడ అచ్చం ఏనుగు బొమ్మలా కట్టిందని గిన్నెతో సహా పట్టుకెళ్లి చూపించాను ఒకసారి. ఆయన లేచి కూర్చుని, తొండం ఎక్కడుందో శ్రద్ధగా వెతికాడు. అలాంటి మనిషి మరి. ఆయనమీద నాకు కోపం రాదు. నా కోపమంతా ఆ మీసాల మీదే.

డ్యూటీకి ముందు డిపో కంట్రోలరు ఇంటికి ఫోన్ చేసి, డ్రైవరు పడుకున్నాడా లేదా అని అడగడం కొత్త రూలుతో పాటు మొదలైంది. రోజూ మా ఆయనే ఫోనెత్తి "పడుకున్నా సార్" అనేవాడు. ఆ రోజు ఫోన్ మోగేసరికి స్నానానికి వెళ్లి ఉన్నాడు. నేనెత్తాను.

"ఏమ్మా, పడుకున్నాడా?"

"లేదు సార్. రెప్ప వాల్చలేదు," అన్నాను.

మాట నిజమే. ఆ నిజాన్ని నా నోటికి అందించింది మాత్రం బస్సులో ఉన్న ఆ మెడదిండు. ఆ రాత్రికి డ్యూటీ రద్దు చేశాడు కంట్రోలరు. ఇంకోసారి ఇలా జరిగితే దూరం బస్సు నుంచి తీసేసి ఊళ్లో తిరిగే బస్సు ఇస్తామని చెప్పమన్నాడు. ఆ దూరం బస్సు కోసం మా ఆయన ఎన్నాళ్లు ఎదురుచూశాడో నాకు తెలుసు. తెలిసీ, ఊళ్లో బస్సయితే రోజూ సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడు కదా అని ఒక్క క్షణం మనసు గంతులేసింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నిదానం వెంట డిపో వాళ్లు ఇంకో కుర్ర డ్రైవర్ని పంపుతున్నారని తెలిసినప్పుడు మాత్రం మొహం మాడిపోయింది. ఆ కుర్రాణ్ణి రాకెట్టు అంటారట.

సాయంత్రం నాకు కలిసొచ్చింది కదా, వదులుకుంటానా. ఆయనకు నచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుని ఐస్‌క్రీమ్ తిందామని బయటికి లాక్కెళ్లాను. వచ్చాడు, పక్కనే నడిచాడు, చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు మాత్రం దుకాణం గోడ మీది గడియారాన్ని వదల్లేదు.

"ఈపాటికి ఊరు దాటుంటారు," అన్నాడు. మళ్లీ గడియారం చూసి, "రాకెట్టుగాడు బ్రేకు తొక్కితే వెనక పడుకున్నవాడు ముందుకొచ్చి పడతాడు. వాడి వెనక అన్నకు నిద్ర పట్టదు," అన్నాడు.

"నిద్ర పడితే?" అన్నాను.

ఐస్‌క్రీమ్ కరిగి ఆయన మణికట్టు మీదికి కారుతోంది. ఆయనది దిగులని ముందు అనుకున్నాను. కాదు. ఇన్నాళ్లుగా నా కడుపులో మండుతున్నదే అక్కడా మండుతోంది. నా కాలేజీ స్నేహితుడు పెళ్లికి అంత పెద్ద పూలగుత్తి పంపితే "మంచి పూలు" అని నీళ్లలో పెట్టిన మనిషి, ఆ నిదానం ఇంకొకడి వెనక పడుకుంటాడేమోనని కుళ్లుకుంటున్నాడు. నామీద ఏనాడైనా అంత కుళ్లుకున్నాడా?

మర్నాడు మధ్యాహ్నం తలుపు తడితే తీశాను. బక్కపల్చటి మనిషి, భుజానికి సంచి, తెల్లమీసాలు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా బస్సు నడిపొచ్చిన వాళ్లను చాలామందిని చూశాను గానీ, పడుకునొచ్చిన మనిషికి అలాంటి కళ్లు చూడలేదు.

"నిద్ర పట్టలేదురా," అన్నాడు మా ఆయనతో, గుమ్మంలోంచే.

మా ఆయన మొహంలో దీపం వెలిగింది. అయ్యో అంటూనే వెలిగింది. నాకు పళ్లు నూరాలనిపించింది.

నిదానం నావైపు తిరిగాడు. ఫోన్లో ఏం చెప్పానో కంట్రోలరు చెప్పే ఉంటాడు. నిలదీస్తాడనుకుని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మంచి పని చేశావు చెల్లెమ్మా," అన్నాడు. "నిద్రలేని వాడి చేతిలో బండి పెట్టి, వెనక నేను పడుకునేవాణ్ణి. నేనే కాదు, బస్సులో పిల్లాపాపా అందరూ."

నేను ఆ పిల్లాపాపల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. టీ పెడతానని వంటింట్లోకి తప్పుకున్నాను.

అక్కడినుంచి అంతా కనిపిస్తూనే ఉంది. మా ఆయన నిదానాన్ని కిర్రుమనే పేము కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసి తన జేబులో వేసుకున్నాడు. సంచి అందుకుని గోడవార పెట్టాడు.

"ఇంటికి లేటవుతుందని వదినకు నేను చెప్తాలే. నువ్వు వాలు అన్నా, నేను చూసుకుంటా," అన్నాడు.

అంతే. నేను టీ కప్పుతో వచ్చేసరికి సవతిగారి మీసాలు శ్వాసకు పైకీ కిందికీ ఆడుతున్నాయి. కర్టెన్ లేదు, దిండు లేదు, కుర్చీ కదలడమూ లేదు. నాకు ఆయన సుఖం చూసి మళ్లీ మండింది.

"ఏవండీ, మోటారు ఆపారా?" అన్నాను అలవాటు కొద్దీ.

మా ఆయన పెదాల మీద వేలు పెట్టి నన్ను ఆపాడు. పడుకున్న మనిషివైపు చూపించి, తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాడు. డిపో నుంచి ఫోన్ మోగితే బయటికెళ్లి తనే మాట్లాడాడు. వీధిలో ఎవరో అరుస్తుంటే కిటికీ తలుపు దగ్గరికి వేశాడు. అది చూస్తూ టీ నేనే తాగేశాను. తాగుతూ తాగుతూ ఉంటే వెలిగింది. మా ఆయన పడుకున్నప్పుడు ఇంట్లో ఇలా పెదాల మీద వేలు పెట్టేవాళ్లు ఎవరున్నారు? మోటారు ఆయన్నే అడుగుతాను, గ్యాసు ఆయన్నే అడుగుతాను, ఏనుగు తొండం కూడా ఆయన చేతే వెతికిస్తాను. ఈసారి తలుపు తీసుకుని ఏం పట్టుకొస్తానోనని కళ్లు తెరుచుకునే ఉంటాడు కాబోలు. మంచం మీద పడుకోబెట్టానే గానీ స్టీరింగు ఆయన చేతుల్లోంచి నేనెప్పుడూ తీసుకోలేదు.

నిదానం లేచి, వేరే కప్పు టీ తాగి, రేపు రాత్రికి ఇద్దరికీ కలిపి డ్యూటీ పడిందని విని, నిదానంగా మెట్లు దిగి వెళ్లాడు. మా ఆయన ఆయన్ని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"రేపు పొద్దున టిఫిన్ కాగానే మీ ఫోన్ నాకిచ్చెయ్యండి," అన్నాను. "మోటారు నాది, గ్యాసు నాది, తలుపు కొట్టేవాళ్లు నావాళ్లు. కంట్రోలరుతో కూడా నేనే మాట్లాడతా, ఉన్నదున్నట్టే చెప్తా. సాయంత్రం దాకా ఇల్లు నేను నడుపుతాను. మీరు వెనక బెర్తు."

"లైసెన్సు ఉందా?" అన్నాడు నవ్వుతూ.

"లేకపోయినా నడుపుతా. మీ అన్న నడిపితే మొదటి మలుపు తిరిగేలోపు పడుకుంటారటగా. రేపు నేను గది తలుపు వేసేలోపు పడుకోవాలి."