రెండువందల పదిహేడో అక్రోటు

"ఆ చేతులు కాస్త కనపడకుండా పెట్టుకో. వచ్చేది రాజధాని నుంచి కమిటీ వాళ్లు, బొగ్గుల బండి వాళ్లు కాదు," అన్నాడు ఇలారియోన్, అద్దంలో టై సర్దుకుంటూ.

పిండి పిసుకుతున్న సాఫ్తా తన వేళ్లకేసి చూసుకుంది. అక్రోటు పచ్చితొక్క కసటు. సెప్టెంబరులో అంటితే క్రిస్మసుకి గానీ వదలదు. ఈ నలుపు ఎవరి కోసం? కాయలు ఏరింది తను, తొక్క ఒలిచింది తను, చెట్టుకి యాభై కాయల చొప్పున పగలగొట్టి పప్పు ఎంత, పెంకు ఎంత అని తూచింది తను. పరిశోధన కేంద్రంలో జీతం ఆయనది. వ్యవసాయ కాలేజీ చివరి ఏడు తను మానేసింది ఆయన కోసమే. అయినా అందరి ముందూ నవ్వుతూ, "మా ఆవిడకి చదువు లేదు గానీ ఓపిక ఉంది," అంటాడు.

కొండ ఏటవాలు మీద నంబర్లు వేసిన నాలుగు వందల అక్రోటు చెట్లు, అన్నీ విత్తు మొలకలే. ఒకే తల్లి కాయల నుంచి లేచినా ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకదాని పెంకు ఇనుము, ఒకదానిది కాగితం. ఒకటి తొందరపడి చిగురిస్తుంది, ఒకటి మొండికేస్తుంది. ఏది ఏదో సాఫ్తాకి తన కూతుళ్లిద్దరి గొంతులు తెలిసినట్టు తెలుసు. "చెట్లని అంత ముద్దు చేసేదానివి, నాకో మగపిల్లాణ్ణి కనివ్వలేకపోయావు," అనేది అత్త ఆగ్రిపీనా, సాఫ్తా కడిగిపెట్టిన పళ్లెంలో తింటూనే.

ఏప్రిల్ చివర గడ్డమంచు పడిన ఏడు, రెండోది కడుపులో ఉండగా, తెల్లారే కొండెక్కింది. కొండంతా కాలినట్టు నల్లబడిపోయింది. ఒక్క రెండువందల పదిహేడో నంబరు చెట్టు మాత్రం ఇంకా మొగ్గ విప్పలేదు, అందుకే మంచుకి చిక్కలేదు. రొప్పుకుంటూ ఇంటికొచ్చి చెబితే, ఇలారియోన్ సూపు గిన్నెలోంచి తలెత్తలేదు. "సరే, రాసిపెట్టు," అన్నాడు. ఆ రాసినదే సభల్లో తన పేరుతో చదివాడు. ఇవాళ ఆ చెట్టుని కొత్త రకంగా నమోదు చేస్తారు. దానికి వాళ్లమ్మ పేరు పెడతాడట. సాఫ్తాతో మాట వరసకైనా అనలేదు.

మధ్యాహ్నం కమిటీ పెద్ద త్రిఫోన్ గారూ, మరో ఇద్దరూ వచ్చారు. ఇలారియోన్ ముందు నడిచాడు. వెనక రొట్టెల బుట్ట, వైను కూజా మోస్తూ సాఫ్తా. చెట్లకి కొట్టిన నంబర్ల రేకులు చాలావరకు తుప్పుపట్టి రాలిపోయాయి. ఒక పెద్ద చెట్టు కింద ఆగి, మొదలు మీద చెయ్యేసి, "ఇదే! ఇరవై రెండేళ్ల నా కష్టం," అన్నాడు.

అది రెండువందల డెబ్బై ఒకటి.

సాఫ్తా బుట్ట, కూజా గడ్డిలో దించింది. ఎన్నిసార్లు వెనకనించి అందించింది ఈ మనిషికి! తేదీలు, తూకాలు, చివరికి సభలో మర్చిపోయిన మాటలు కూడా. ఇవాళ అందించదు.

త్రిఫోన్ గారు కాలి దగ్గర కాయ తీసి నొక్కారు. పగల్లేదు. రాయి పెట్టి కొడితే పప్పు పొడిపొడిగా రాలింది. "పెంకు పలచన అన్నారే?"

"ఏం కలిపావే ఇక్కడ?" ఇలారియోన్ భార్య మీదకి తిరిగాడు.

"నేనేం కలుపుతాను? ఆ చెట్టు కాయలే అవి. రెండువందల పదిహేడు ఇది కాదు."

"మరేది? చెప్పి చావు!"

"చూపిస్తాను. ముందు ఆ నమోదు కాగితంలో 'ఎంపిక చేసినవారు' అన్నచోట నా పేరు రాయాలి."

"పిచ్చెక్కిందా? ఇంటికి పద, చెప్తా! నా చెట్టు నాకు తెలీదా?" అంటూ అతను పై వరసకి పరిగెత్తాడు. ఒక కాయ పగలగొట్టాడు, విసిరేశాడు. ఇంకో చెట్టు. మరొకటి. టై భుజం మీదకి ఎగిరిపోయింది.

సాఫ్తా గడ్డిలో కూర్చుని, అతిథుల కంటే ముందు తనకే గ్లాసు నిండా వైను పోసుకుంది.

త్రిఫోన్ గారు పై వరసకేసి ఒకసారి చూసి, సాఫ్తా దగ్గరికొచ్చారు. "అమ్మా, మంచు పడిన ఏడు ఆ చెట్టు ఎన్నడు చిగురించింది?"

"మే ఎనిమిది. మంచు పడ్డ పదమూడో రోజు. పక్కనున్నవాటికి అప్పటికి ఒక్క ఆకు మిగల్లేదు."

ఆయన కలం తీశారు. "పేరు?"

"సాఫ్తా బోద్రూగ్," అంది, తన పుట్టింటి పేరు కలిపి. పైనుంచి మొగుడు అరుస్తున్నాడు, అది తన ఇంటిపేరు కాదని.

"కాదు," అంది సాఫ్తా, నల్లటి వేలితో కాగితం మీద చోటు చూపిస్తూ. "అది నాది."