పిన్ని అడిగిన రిపోర్టు

"నా రిపోర్టు తెచ్చావటే?"

నెత్తిమీది కంకర తట్ట దించకుండానే అడిగింది పిన్ని. ఆరు నెలలుగా అదే మాట. ఆ వెంటనే దగ్గు. తుపుక్కున ఉమ్మితే అందులోనూ తెల్లటి రాతిపొడే.

లాబమ్మ తల దించుకుంది. ఈ రాళ్ల క్రషర్ దగ్గర అందరూ ఆమెను పిలిచేది ఆ పేరుతోనే. యూనివర్సిటీ ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పని ఆమెది. ఈ దుమ్ములోంచి చదువుకుని బయటపడ్డ మొదటి పిల్ల. ఆరు నెలల కిందట అక్కడి ప్రొఫెసరుగారు "మీవాళ్ల ఉమ్మి కావాలమ్మా" అంటే ఆమే ఇల్లిల్లూ తిరిగింది. తల్లి నుంచి బిడ్డకు తరతరాలుగా దిగివచ్చే జాడ ఒకటి మన కణాల్లో ఉంటుందనీ, దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే మనుషులు ఎక్కడ పుట్టి ఎటు నడిచారో తెలుస్తుందనీ ఆయన చెబితే ఆమెకు అర్థమైంది. అదంతా వీళ్లకు విడమరిచి చెప్పడానికే బద్ధకించింది. "ఊపిరితిత్తుల పరీక్ష" అనేసింది. పూట కూలి పోగొట్టుకుని మరీ నిలబడ్డారు. అరవై గొట్టాలు నిండాయి. ప్రొఫెసరుగారు శభాష్ అన్నారు. పిన్ని మాత్రం రిపోర్టు వచ్చాకే ఆసుపత్రికి పోతానని కూర్చుంది.

ఇవాళ ఉమ్మి సేకరణ రెండో విడత. ఒప్పుదల కాగితం మీద ముద్ర వేయడానికి పిన్ని అందరికన్నా ముందు బొటనవేలు సిరాలో అద్దింది.

"ఆగు పిన్నీ, కాగితంలో ఏముందో చదువుతాను."

"చదివేదేముందే, తెచ్చింది నువ్వయ్యాక!"

లాబమ్మ కాగితం మడిచేసింది.

"ఇది జబ్బు పరీక్ష కాదు పిన్నీ. మనుషులందరి మూలం వెతకడానికి. అప్పుడు తీసుకున్నదీ ఇందుకే. నేనే అబద్ధం చెప్పాను."

"ఏం తేలిందేమిటి?" అంది వరసలో ఒకామె.

"ఎంత దూరమైనా వెనక్కి పోతే అందరి తల్లీ ఒక్కతేనట."

"అయితే మన ఓనరు నాకు తమ్ముడే! రమ్మనండి, ఓ తట్ట మోస్తాడు" అందామె.

నవ్వులు లేచాయి. పిన్ని దగ్గుతో ఆగిపోయాయి.

"మరి నా దగ్గు సంగతేం చూశారు?"

"ఎవరూ చూడలేదు పిన్నీ."

గేటు దగ్గర జీపులోంచి ప్రొఫెసరుగారు తల బయటపెట్టారు. "అయిందామ్మా?"

లాబమ్మ సిరా డబ్బీ మూత పెట్టేసింది. "లేదండీ. ముందు వీళ్లకు ఛాతీ పరీక్షలు చేయించండి. ఆ తర్వాత ఉమ్మి మీరే అడగండి. నేను మాత్రం అడగను."

పిన్ని బొటనవేలు ఇంకా గాలిలోనే ఉంది. తుడుచుకోమని లాబమ్మ తన కొంగు అందించింది. పిన్ని ఆ కొంగు వైపు చూడలేదు. వేలిని కంకరరాయికేసి రుద్దుకుని, తట్ట నెత్తికెత్తుకుంది.