మార్కుల కాగితం మీద రోలు

లాలాగూడలో రైలు కూత పెట్టిన సమయానికే భానుప్రకాశ్ సార్ ఫోన్లో "రేపు రోల్ ప్లే, పదింటికి రావాలె" అన్నారు. కూత మింగగా బాలమ్మ చెవికి మిగిలినవి "రోలు", "పదింటికి". ఆఫీసు ఊడ్చే మనిషి, సారుకు రోలెందుకని అడుగుతుందా? మర్నాడు ఆటోలో రోలేసుకుని మారేడ్‌పల్లి కౌన్సెలింగ్ కేంద్రం ముందు దిగింది.

లోపల కౌన్సెలింగ్ నేర్చుకుంటున్న కల్పలతకు ఒకటే భయం. ఈ రోల్ ప్లే అభ్యాసంలో రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇంటికే. ఎవరో ఒకరు కష్టాల్లో ఉన్నట్టు నటిస్తారు, ఇవాళ ఆ వంతు బాలమ్మది; కల్పలత వినాలి, సార్ పక్కనే కూర్చుని తప్పులు రాస్తారు. శిక్షణలో "ణ" తీసేస్తే ఏం మిగులుతుందో, ఆయన ఇచ్చేది అదే. ధైర్యం నేర్పే ఈ క్లాసుకొచ్చాకే పిల్లలు గోళ్లు కొరకడం నేర్చారు.

బాలమ్మ వస్తూనే సారు మార్కుల కాగితం మీద రోలు దించి, ఎదుటి కుర్చీలో కూలబడింది.

"అబ్బ! నడుమిరిగింది."

నటనకు సరంజామా కూడా తెచ్చుకుందనుకుంది కల్పలత. "చెప్పమ్మా, ఏం తక్లీఫ్?"

"ఏం చెప్పాలె బిడ్డా! కోడలు మిక్సీ తెచ్చింది. ముప్పై ఏండ్ల రోలు మెట్ల కిందికి పోయింది. పోనీ, ఇచ్చేద్దామని తెస్తుంటే ఆటోల ఏడుపొచ్చింది."

సార్ కాగితం కొస పట్టి లాగారు. రాలేదు. రోలెత్తబోతే నడుం కలుక్కుమంది. గట్టిగా లాగితే చిరుగుతుంది. చిరిగిన కాగితం చెల్లదని రూలు పెట్టింది ఆయనే. రూలుకీ రోలుకీ మధ్య నలిగిపోయారు.

కల్పలత ఓరగా చూసింది. ఇన్నాళ్లూ తనని దంచినాయన రోలుతో కుస్తీ పడుతున్నాడు! భయం ఎటు పోయిందో పోయింది. సలహా ఇవ్వలేదు, తొందరపెట్టలేదు.

"మెట్ల కిందికి పోయింది రోలొక్కటేనా అమ్మా?"



"నేను సుత," అంది బాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. "కోడలు మంచిదే. నాకు కష్టమైతుందనే తెచ్చింది. గని వంటింట్ల నా చెయ్యి పడే పనే లేకపాయె. గీ మాట దానికి చెప్పాలె." లేచి రోలు మీద చెయ్యేసింది. "సార్, ఈ రోలు నీకియ్య. ఏమనుకోకు."

"రోలు నేనెప్పుడడిగిన?"

"నిన్న ఫోన్ల అడగలే?"

అప్పుడు క్లాసంతటి ముందూ కూత, ఫోను, రోల్ ప్లే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. నవ్వులు ఆగాక కల్పలత బాలమ్మ వైపు తిరిగింది.

"అంటే... నువ్వు నటించలేదా?"

"నాకు నటనొస్తే గీడ ఊడుస్తనా బిడ్డా?"

రోలు కింద నుంచి కాగితం బయటికొచ్చింది. తప్పుల గడి ఖాళీ.

"మార్కులెట్ల వెయ్యాలె?" గొణిగారు సార్.

"ఫోన్ల నువ్వు చెప్పింది నేనినలే, గీడ నేను చెప్పింది నువ్వినలే," అంది బాలమ్మ రోలు చంకనెత్తుకుంటూ. "విన్నది ఈ బిడ్డొక్కతే. అదే రాయి."

సార్ అదే రాశారు.