రెండో తలుపు

చెయ్యేరు కట్ట తెంచుకుని ఊళ్ళ మీద పడిన ఏడాది అది. ఊళ్ళో హమీదా బీ కట్టుబట్టలతో పక్కింటి మిద్దె ఎక్కి ప్రాణం దక్కించుకుంది. ఇల్లు మాత్రం పునాదులతో సహా పోయింది. ఇక్కడ అరబ్బు దేశంలో, ఖైతాన్‌లో ఆమె మొగుడు చాంద్ బాషాను దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు ఇరవై రోజుల్లో తీరబోతోంది. అరవై దాటి, డిగ్రీ కాగితం లేనివాళ్ళకు మళ్ళీ చేస్తారో లేదో ఎవరికీ తెలియని కాలం. పనికి రప్పించుకున్న అరబ్బు యజమాని, కఫీల్, పూనుకుంటేనే దారి. పంపేస్తే దిగడానికి గూడు లేదు.

చాంద్ బాషా చదివింది మూడో తరగతి. పాత కొయ్యసామాను గీకి, నునుపు చేసి, రంగు కలిపి నిలబెట్టడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. మనిషికి మాట తక్కువ. రంగు సంగతి అడిగితే ఆ కాస్తా ఉండదు.

ఆ వారం కఫీల్ తల్లి, అందరూ పెద్ద మామా అనే ఆవిడ, తన టేకు బీరువా పంపించింది. రెండు తలుపులు. నీలమో పచ్చో తేల్చలేని రంగు, యాభై ఏళ్ళ బఖూర్ ధూపం పొగకు మసిబారింది. పెళ్ళినాడు ఎలా ఉందో అలాగే కావాలని కబురు. మనవరాలి నిఖాకు పది రోజులుంది.

కఫీల్ షాపు చూసుకునే హైదరాబాదు ముజీబ్, రంగును చదివి పాళ్ళు చెప్పే కొత్త మిషన్ను తలుపుకు ఆనించాడు. అది చెప్పిన పాళ్ళతో రంగు కలిపి, చెక్కముక్క మీద పూసి పంపాడు. పెద్ద మామా దాన్ని తెచ్చిన కారులోనే తిప్పి పంపింది.

చెక్క రుద్దుతున్న జగిత్యాల పరశురాం నవ్వాడు. "మిషన్‌కు పొగ రంగు దొరికింది కాకా. బీరువా రంగు దొరకలే."

చాంద్ బాషా స్క్రూలు విప్పి తలుపు బందు ఊడదీశాడు. ఇత్తడి కింద రెండు వేళ్ళంత జాగాలో, పొగ తగలని రంగు పడుకుని ఉంది. దాని అంచును బ్లేడుతో గీకాడు. నీలం కింద పల్చటి పచ్చ. పచ్చ కింద ఇటుకెరుపు. ఒక రంగు కాదది, మూడు.

మూడు రోజులు పట్టింది. ట్యూబులైటును నమ్మక, కలిపిన ప్రతి రంగునూ చెక్కముక్క మీద ఆరబెట్టి, బయట ఎండలో చూసి లోపలికొచ్చేవాడు. చివరి నీలాన్ని గుడ్డతో తుడిచి తుడిచి, కింది రంగులు అంచుల్లో తొంగిచూసేలా చేశాడు. మొదటి తలుపు వెళ్ళింది. పెద్ద మామా దాని ముందు కుర్చీ వేయించుకుని కూర్చుందట. రెండోది ఎప్పుడని అడుగుతోందట.

ఆ మధ్యాహ్నమే ముజీబ్ నోటుబుక్కు పట్టుకొచ్చాడు.

"చాచా, గీ మూడు రంగుల పాళ్ళు రాసియ్యి. నీకొచ్చిన తతిమ్మా రంగులు గూడ."

"ఎందుకప్పా?"

"షాపుల ఉండాలె గద. రేపు నువ్వుంటవో లేవో."

"యాడికి పోతా?"

ముజీబ్ చూపు తప్పించాడు. "కఫీల్ నీ ఇఖామా చేపియ్యడంట. సదువు కాగితం లేదు గద. నా చేతుల ఏముంది? రాసిచ్చి ఇజ్జత్‌తోని ఇంటికి పో."

చాంద్ బాషాకు మిద్దె మీది హమీదా బీ గుర్తొచ్చింది. వంగితే పంపేస్తారు. వంగకపోయినా పంపేస్తారేమో. అలాంటప్పుడు వంగడం దేనికి?

"సదువు లేదని ఇఖామా ఆపినారు," అన్నాడు.

"అవ్ మరి."

"సదువు లేనోడు యాడ రాస్తాడు?"

పరశురాం చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది.

"మూడో తరగతి సదివినవు గద చాచా!"

"అట్లయితే ఆ మాట కఫీల్‌కు చెప్పు. సదువున్నోడే, ఇఖామా చెయ్యమను. కార్డు చేతికొచ్చినాక రెండో తలుపుకు రంగు వేస్తా. రాసేది అప్పుడూ లేదు."

"జిద్ద్ చెయ్యకు. పరశురాం వేస్తడు తియ్యి."

"నేను రుద్దేటోన్ని ముజీబ్ భాయ్," అన్నాడు పరశురాం. "నిన్ను రుద్దుమన్నా రుద్దుత. రంగు నాతోని గాదు."

"మిషన్‌కు చూపీప్పా," అన్నాడు చాంద్ బాషా. "మూడిటినీ కలిపి ఒకటే చెప్తాది."

ముజీబ్ నోటుబుక్కు బల్ల మీద విసిరి, కఫీల్‌కు ఫోను కలుపుకుంటూ బయటికి పోయాడు. చాంద్ బాషా పీట లాక్కుని కూర్చుని, కత్తికి అంటిన రంగు గీక్కోసాగాడు.

మరునాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చాడు. రెండో తలుపును బల్ల మీద పరిచి దుమ్ము తుడిచాడు. ఇటుకెరుపు కలిపి, ఎండలో చూసుకుని, డబ్బాకు మూత బిగించాడు. జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఆ మూత మీద పెట్టాడు; ఇఖామాకు తీసుకున్నా సరే, ఇంటికి పంపే టికెట్టుకు తీసుకున్నా సరే. వాకిట్లో కఫీల్ కారు ఆగింది. ముజీబ్ ఎదురు పరిగెత్తాడు. చాంద్ బాషా బ్రష్షు ముట్టలేదు, పీట మీంచి లేవలేదు.