గల్లీలో పట్టని జీపు

ప్రతి శుక్రవారం పొద్దున వహీద్ చాయ్ కప్పుతో ఇంటి వాకిట్లోకి వచ్చి ముందుగా జీపు చక్రాలు చూస్తాడు. వారమంతా కిటికీ గ్రిల్లులు చేసే దుకాణంలో వెల్డింగ్ పని. శుక్రవారం సెలవు, ఆ రోజంతా జీపుదే. చక్రాలకు మట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంటుంది. గురువారం రాత్రి జీపు ఒక్కటే ఎక్కడికో పోయి వస్తుంది మరి. ఒక వారం నల్లరేగడి, ఒక వారం ఎర్ర మొరం, ఓసారి టైరు గాడుల్లో వరినారు కూడా ఇరుక్కుని వచ్చింది. వహీద్ ఆ మట్టి గీకి తట్టకెత్తుతాడు, పక్కింటి విమలాదేవి వచ్చి తన పూలకుండీలకు పట్టుకుపోతుంది. ఉప్పుగూడలోని ఆ గల్లీలో దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. కొందరి ఇళ్లలో మేకలున్నాయి, వీళ్లింట్లో జీపు ఉంది.

అసలు వింత ఏమిటంటే, పగటిపూట ఆ జీపు గల్లీ దాటలేదు.

ఐదేళ్ల కింద వహీద్, తమ్ముడు మొయిన్ కలిసి కొన్నప్పుడు అది ఐదున్నర అడుగుల గల్లీలోంచి సుబ్బరంగా లోపలికి వచ్చింది. ఆరు నెలలు అన్నదమ్ములిద్దరూ కొండా గుట్టా తిరిగారు. వికారాబాద్ గుట్టల్లో ఓ రోజు, వద్దు భాయ్ అని మొయిన్ అంటూనే ఉన్నా, వహీద్ వినకుండా ఏటవాలు బండ మీదికి ఎక్కించాడు. జీపు పక్కకు ఒరిగి పడిపోయింది. వహీద్ ఒంటి మీద గీత కూడా పడలేదు. మొయిన్ కుడికాలు నలిగిపోయింది. ఆస్పత్రి గుమ్మం దాకా పోయిన వహీద్‌కు లోపల అడుగుపెట్టడానికి ధైర్యం చాలలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఉండగానే మొయిన్ చేతికర్ర పట్టుకుని తాండూరు పోయి, నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పని ఒకటి చూసుకున్నాడు. తమ్ముడి ముఖం ఎట్లా చూడాలో తెలియక అన్న జీపును బాగుచేస్తూ ఉండిపోయాడు.

మళ్లీ పడకూడదని వెడల్పు టైర్లు వేశాడు. టైర్లు బయటికి పొడుచుకొచ్చాయని మడ్‌గార్డులు సాగదీశాడు. చక్రాల మీద బండిని మోసే కమాన్ పట్టీలు మార్చి జానెడు ఎత్తు లేపాడు. ఎత్తు లేచింది కనక మళ్లీ ఒరుగుతుందేమోనని ఇంకాస్త వెడల్పు చేశాడు. ముందు గేటంత బంపర్ పెట్టాడు, లోపల ఇనుప పైపులతో పంజరం కట్టాడు. గ్రిల్లులు చేసే చెయ్యి, ఊరుకుంటుందా? చూస్తుండగా జీపు వెడల్పు ఆరడుగులు దాటింది, గల్లీ మాత్రం ఐదున్నర దగ్గరే ఉండిపోయింది. రాత్రిపూట అందులోంచి ఎట్లా పోతుందో జీపుకే తెలియాలి.

విమలాదేవి భర్త సీతారాం పప్పుల టోకు వ్యాపారి. గోడ మీంచి తొంగిచూసి ఆటపట్టించేవాడు.

"ఇంకో బంపర్ పెట్టు వహీద్ భాయ్. ఎట్లాగూ కదలదు, మీ ఇంటికి దర్వాజా లెక్క పనికొస్తది."

తల్లి ఖైసర్ బేగం నెలకోసారి రైలెక్కి చిన్నకొడుకును చూసి వచ్చేది. ఆ పేరు ఎత్తితే చాలు, పెద్దకొడుకు పానా పట్టుకుని జీపు కిందికి దూరేవాడు. అక్కడ అతనికి నిమ్మళంగా ఉండేది.

ఈ వానాకాలం మట్టి మారింది. వారం వారం ఒకటే బూడిదరంగు బురద, ఆరితే పిండిలాగా రాలిపోయేది.

"నీ జీపు గీ మధ్య ఒక్క తావుకే పోతున్నది వహీద్ భాయ్," అంది విమలాదేవి నిష్ఠూరంగా. "గిది మట్టి గాదు, బండల పొడి. నా గులాబీలన్నీ మాడిపోయినయ్. జర చెప్పరాదు దానికి?"

వహీద్ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తమ ఇంట్లో కాళ్ల కింద పరిచిన తాండూరు బండల రంగే. ఆ రోజు బంపర్‌కు ఇంకో కడ్డీ అతికించాడు.

ఆ పై శుక్రవారం డ్రైవర్ పక్క సీటు మీద ఒక చేతికర్ర కనిపించింది. నున్నగా చెక్కిన తుమ్మకర్ర, పట్టుకునే చోట పచ్చ గుడ్డ చుట్టి ఉంది. వహీద్ దాన్ని ముట్టుకోకుండా తల్లిని పిలిచాడు.

"గా గుడ్డ నేను చుట్టిందే," అంది ఖైసర్ బేగం. "చెయ్యి ఒత్తుకుంటున్నదంటే నా ఓణీ చింపి చుట్టిన."

"మరి గిది లేకుంట వాడెట్ల నడుస్తున్నడు?"

"నడుస్తలేడు. కూసొని ఉంటడు."

"జర ఫోన్ జేసి అడుగమ్మీ, ఇంకో కట్టె ఉన్నదేమో."

ఆమె ఫోన్ అతని చేతికిచ్చింది. "నువ్వే అడుగు."

వహీద్ ఫోన్ వంక చూశాడు గానీ నొక్కలేకపోయాడు. "నువ్వు రైల్ల పోయి ఇచ్చిరా."

"నేను దెచ్చిన్నా? నీ బండి దెచ్చింది. తెచ్చినోళ్లే ఇచ్చి రావాలె."

"బండి గల్లీల పట్టదు గదా."

"పట్టకుంట ఎవరు జేసిన్రు బేటా?" అంది తల్లి. కోపంగా అనలేదు, అందుకే అది ఎక్కువ తగిలింది.

గోడ పట్టుకుని లేవబోయి మళ్లీ చతికిలబడే తమ్ముడు కళ్ల ముందు మెదిలాడు. ఇన్నేళ్లూ తన సిగ్గును తానే మోస్తున్నానని వహీద్ అనుకున్నాడు. దాని బరువు మొయిన్ కాలి మీద కూడా పడుతోందని అప్పుడు తోచింది. పానా తెచ్చుకుని జీపు ముందు కూర్చున్నాడు, ఈసారి కిందికి దూరలేదు.

బంపర్ ఊడదీశాడు. మడ్‌గార్డులు కోసేశాడు. డాబా మీద నీళ్ల డ్రమ్ము కింద పీటల్లాగా పడి ఉన్న పాత చక్రాలు నాలుగూ దింపాడు. సీతారాం తన దుకాణం తెరవడం మానుకుని వచ్చి జాకీ తిప్పాడు. మధ్యాహ్నం జుమా నమాజు వేళకు, ఇన్నేళ్ల పనంతా వాకిట్లో తుక్కు కుప్పయింది. నమాజు చదివి వచ్చి వహీద్ స్టీరింగ్ రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. జీపు గల్లీలోంచి జారిపోతూ చివరన పక్క అద్దం గోడకు రాసుకుని ఆగింది.

"ఏనుగు పోయింది, తోక చిక్కింది," అంటూ సీతారాం అద్దం మడిచాడు.

చేవెళ్ల దాటాక సన్నటి తుంపర మొదలైంది. మలుపు రాకముందే స్టీరింగ్ అతని చేతుల కింద దానంతట అదే మెల్లగా తిరిగేది. వహీద్ అడ్డుపెట్టలేదు. కంది చేలు తడిసి పచ్చగా వెనక్కి పోతున్నాయి. భయం ఎక్కడ వదిలిందో గుర్తులేదు, పరిగి దాటేసరికి స్టీరింగ్ మీద పట్టు సడలింది.

పొద్దు వాలుతుండగా జీపు తాండూరులో ఒక రేకుల ఇంటి ముందు ఆగింది. పేర్చిన నాపరాళ్ల మీద మొయిన్ కూర్చుని ఉన్నాడు. జుట్టు, మీసం రాతిపొడితో తెల్లబడ్డాయి. జీపును చూసి ఆశ్చర్యపోలేదు. డ్రైవర్ సీటు వైపు మాత్రం చాలాసేపు చూశాడు.

"ఇయ్యాల నువ్వు గూడ వచ్చినవా భాయ్?"

వహీద్ దిగి చేతికర్ర అందించాడు. "గిది నువ్వే పెట్టినవా?"

"మరేం జేయాలె? జుమేరాత్ రాత్రి అయిందంటే చాలు, వచ్చి వాకిట్ల నిలవడతది. తెల్లారగట్ల దాకా ఉంటది. ఎవరన్న దిగుతరేమోనని చూస్తుంటి. ఎవరు దిగకపోతుండె." మొయిన్ కర్ర అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "మనింటి బండి. ఖాళీగ పంపుడు మంచిగ అనిపించలే. నా తాన పంపేటందుకు గదొక్కటే ఉండె."

వహీద్ అక్కడే బురదలో కూలబడి ఏడ్చాడు. "నేనే పడగొట్టిన. దవాఖానల గూడ నీ మొహం చూడకపోతి."

"కాలు ఇరిగినందుకు నిన్ను ఎన్నడన్న ఏమన్న అన్ననా?" అన్నాడు మొయిన్. "నువ్వు రాకపోతివని కోపమొచ్చింది. ఇప్పుడు వస్తివి. లే, బట్టలు ఖరాబైతున్నయ్."

అతను కర్ర పొడుస్తూ ఇంట్లోకి పోయి, సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని తలుపుకు తాళం వేశాడు. వహీద్ తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మీ, మొయిన్ గూడ వస్తున్నడు."

"ముగ్గురికి బియ్యం పోసిన," అంది ఖైసర్ బేగం. "మెల్లగ రాండ్రి."