మేనబావ వాంగ్మూలం

లింగమూర్తి బాబిన్‌కు దారం చుట్టుకొని, పట్టులాల్చీ పక్కకుట్టు మొదలుపెట్టాడు. ఎదుటి హోటలువాడు అప్పుడే పొయ్యి రాజేస్తున్నాడు. హుస్నాబాద్ పోయే మొదటి బస్సు హారను కొట్టుకుంటూ పాత బస్టాండు దాటింది. కుడిచేత్తో మిషను చక్రాన్ని ఒకసారి తిప్పి, తొక్కుడు అందుకొని, గీసుకున్న సుద్దగీతకు రెండు వేళ్లు లోపలిగా సూదిని నడిపించాడు. అది పొరపాటు కాదు, కావాలనే నడిపించాడు. ఆ లాల్చీ తొడుక్కునే పెళ్లికొడుకు గట్టిగా ఊపిరి పీలిస్తే పక్కలు పట్టెయ్యాలని అతని కోరిక.

పెళ్లికూతురు విజయరాణి అతని మేనమామ కూతురు. మస్కట్‌లో నర్సు. అదే దవాఖానలో ఎక్స్‌రేలు తీసే ఫిలిప్పీన్స్ దేశపు రామోన్‌ను చేసుకోబోతోంది. పెళ్లి వాళ్ల దేశంలోనే. ఈ పిల్లకు ఇదివరకు పెళ్లి కాలేదని సొంత ఊరి మండలాఫీసు నుంచి కాగితం తెస్తే తప్ప అక్కడ దండలు మార్చనివ్వరట. ఆ కాగితం కోసమే సెలవు పెట్టి వచ్చింది. ఇవాళ సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోవాలి.

లాల్చీకి ఆమె తెచ్చిన కొలతలు టేపుతో తీసినవి కావు. గాయాలకు చుట్టే పట్టీ గుడ్డ మీద పెన్నుతో గీతలు గీసి, చాతి, భుజం, చెయ్యి అని రాసి తెచ్చింది. ఇన్నేళ్లుగా ఊళ్లో మగవాళ్లందరినీ కొలిచిన లింగమూర్తికి ఆ గుడ్డముక్క చూడగానే కడుపు మండిపోయింది. చాతి కొలవాలంటే రెండు చేతులూ మనిషి వెనక్కి పోనివ్వాలి. ముఖం అతని భుజం దాకా రావాలి. మెడ మీది చెమట వాసన కూడా తెలుస్తుంది. ఇవన్నీ తెలిసిన పాపానికి వారం రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు.

ఫొటో కూడా చూశాడు. వాడు ఆరడుగుల తెల్లదొర అయినా బాగుండేది, సరేలే అని సర్దుకునేవాడు. పొట్టిగా, చామనఛాయగా, నల్లటి నూనె జుట్టుతో ఉన్నాడు. సిద్దిపేట అంగడిలో నిలబెడితే కూరగాయలు కొనడానికి వచ్చినవాడనుకుంటారు. చాతి తన చాతి కంటే ఒక వేలు తక్కువే. ఇట్లాంటివాడు ఇక్కడే ఒకడు ఉండగా అంత దూరం పోవాలా అని ఫొటోను బోర్లా పెట్టాడు. మళ్లీ కాసేపటికి తనే తిప్పి చూశాడు. వాడు కళ్లు మూసుకొని నవ్వుతున్నాడు. ఆ నవ్వు మాత్రం తనకు లేదు.

తల్లిదండ్రులు చిన్ననాడే పోతే లింగమూర్తి మేనమామ ఇంట్లోనే పెరిగాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని అన్నం తిన్న బాల్యం. మగ్గానికి పని తగ్గాక కుట్టుమిషను నేర్చుకున్నాడు. విజయరాణి పాకుతున్నప్పటి నుంచే వాడకట్టంతా ఆమెను లింగమూర్తి పెండ్లామనే పిలిచేది. మేనమరదలును అట్లా అనడం ఆ వీధిలో పొద్దున పళ్లు తోమడమంత మామూలు. 'మొగనికి సద్ది పట్టుకపోతున్నవానే' అంటే ఆ పిల్ల మట్టి తీసి విసిరేది. అతను తలవంచుకొని నవ్వేవాడు. ఆమె నర్సు చదువుకు హైదరాబాదు పోతే తెల్లబట్టలు కుట్టిచ్చాడు. మస్కట్ పోతే పెట్టెకు పైన తొడిగే గలీబు కుట్టిచ్చాడు. మధ్యలో ఎవరో తనకు సంబంధం తెస్తే ఇప్పుడే కాదన్నాడు. మేనమామ పోయాడు. ఆ ఇప్పుడే కాదన్న మాట మీదనే అతనికి కణతలు నెరిశాయి.

నిన్న ఆ కాగితం పని మీదే మండలాఫీసు గిర్దావరు వాడకట్టుకు విచారణకు వచ్చాడు. అరుగు మీద కూర్చున్న పక్కింటి పోచవ్వను, విజయరాణికి పెళ్లయిందా అని అడిగాడు. పోచవ్వ అలవాటు కొద్దీ, "కాకేంది సారూ! గా టైలరు లింగమూర్తి పెండ్లామే గదా" అంది. గిర్దావరు ఇంకో ఇద్దరిని అడిగాడు. వాళ్లూ నవ్వుతూ అదే మాట అన్నారు. ఆయన కొత్తగా వచ్చిన మనిషి, విన్నది విన్నట్టు రాసుకొని పోయాడు. తెల్లారి ఆ లింగమూర్తినే ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వమన్నాడు.

విజయరాణి తల్లి భారతమ్మత్త నెత్తి కొట్టుకుంటూ వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు లింగమూర్తి, అయ్యో, అన్నాడు. కాని లోపల అతనికి సంబురమయింది. ఎవరేమనుకున్నా సరే, ఒక రాత్రి గడిచేదాకా సర్కారు కాగితంలో ఆమె తన పెళ్లాం. ఆ రాత్రి చాలా కాలానికి కడుపునిండా తిన్నాడు.

లాల్చీ పక్కకుట్టు నడుస్తుండగానే విజయరాణి కొట్టు మెట్టెక్కింది. చేతిలో కాగితాల సంచి ఉంది.

"బావా, ఆఫీసు తెరిచేయాల్లకు పోవాలె. యాదికున్నదా?"

"పనున్నది" అన్నాడు తలెత్తకుండా.

"ఏం పని?"

"నీ మొగని లాల్చీ."

"గాయిన నాకు మొగడైతడో కాడో ఇప్పుడు నీ నోట్లనే ఉన్నది."

మిషను ఆగింది. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"గంత పెద్ద దవాఖానల టేపు లేదా?"

"ఎందుకుండదు? గప్పుడు చేతికి దొరకలే."

"కొలత నువ్వే తీసినవా?"

"మరెవలు తీస్తరు?" అని ఆమె అతని ముఖం చూసి, ఏదో అర్థమైనట్టు చూపు తిప్పుకుంది. లింగమూర్తి చొక్కా తొడుక్కొని కొట్టు తలుపు దగ్గరికి వేశాడు.

మండలాఫీసు వరండాలో భారతమ్మ, పోచవ్వ ముందే వచ్చి కూర్చున్నారు. పోచవ్వ తప్పు చేసిన పిల్లలా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గిర్దావరు లింగమూర్తిని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. విజయరాణి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది.

"వాడ వాడంతా ఈమె నీ పెండ్లామంటున్నది. ఏందయ్యా కథ?"

"అంటరు సార్. మేనమరదలు గదా. చిన్నప్పటి సంది అంటనే ఉన్నరు."

"నేను పరాచికానికన్న సారూ" అని వరండాలోంచి పోచవ్వ ఏడుపు గొంతుతో అరిచింది.

"నువ్వాగవ్వా. వాళ్లనేది కాదు, నువ్వేమంటవో చెప్పు. నీ పెండ్లామా, కాదా?"

జీవితంలో ఎవరూ లింగమూర్తిని ఆ ప్రశ్న అడగలేదు. నోరు విప్పకుండా నిలబడితే చాలు. అబద్ధమాడనక్కర లేదు, ఉట్టిగా తల వంచుకుంటే చాలు. కాగితం ఆగుతుంది, సాయంత్రం బస్సు పోతుంది, సెలవు తీరిపోతుంది. ఆ పొట్టివాడు ఎన్నాళ్లని చూస్తాడు? ఈ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే అతనికి తన మీదే భయమేసింది. అటు చూశాడు. విజయరాణి బతిమాలడం లేదు. దవాఖానలో సూది వేయించుకునేవాళ్లు చూపు పక్కకు తిప్పుకున్నట్టు కిటికీలోంచి చూస్తోంది.

"నాకు పెండ్లి కాలేదు సార్" అన్నాడు. "ఆమెకూ కాలేదు."

"ఈ వయసొచ్చె. ఎందుకు చేసుకోలేదు?"

"కుదరలే సార్."

గిర్దావరు రాసి, పైకి చదివాడు. సదరు విజయరాణి నాకు మేనమామ కూతురు మాత్రమే, భార్య కాదు, ఎన్నడూ కాలేదు. ఆ ఎన్నడూ అన్న మాట లింగమూర్తి చెప్పింది కాదు. అయినా దాని కింద సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ముద్ర పడిన కాగితం ఆమె చేతికొచ్చింది.

తిరిగి వస్తుంటే ముసలివాళ్లిద్దరూ ముందు నడిచారు. మెదక్ రోడ్డు మలుపులో లింగమూర్తి ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒక్కసారన్న నాకు చెప్పకపోతివి రాణీ. గాయినతోని ఖాయమైనంక చెప్తివి."

ఆమె సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఊరందరు నన్ను నీ పెండ్లామన్నరు బావా. నువ్వొక్కనివే అనలే. నేను హైదరాబాదు పోంగ అంటవనుకున్న. మస్కట్ పోంగన్న అంటవనుకున్న. నువ్వు పెట్టెకు గలీబు కుట్టిస్తివి."

పక్క నుంచి వడ్ల బస్తాల లారీ పోతుంటే లింగమూర్తి ఆమెను రోడ్డు అంచుకు జరగమన్నాడు.

ఇంటి దగ్గర భారతమ్మ బియ్యానికి పసుపు పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు కలిపి, కూతురి ఒడి పట్టమంది. పోచవ్వకు ఆశ్చర్యమేసింది.

"పెండ్లిగాని పిల్లకు ఒడిబియ్యమేందే భారతమ్మా? అత్తగారింటికి పట్టుకపోయి వండి, మొగనికి పెట్టుకునే బియ్యమాయె."

"ఆ దేశం పోయినంక మల్లెప్పుడొస్తదో, నేనుంటనో ఉండనో. ఇప్పుడే పోస్త" అని భారతమ్మ దోసిళ్లతో పోసింది. లింగమూర్తి గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. ఆ బియ్యం సముద్రం దాటి పోయి ఎక్స్‌రేల వాడి కంచంలో పడతాయనుకునేసరికి పొద్దున సంతకంతో సద్దుమణిగిందనుకున్న మంట మళ్లీ రాజుకుంది. అన్నం తినిపొమ్మని అత్త పిలిచినా వినకుండా కొట్టుకు వచ్చేశాడు.

సాయంత్రం ఆమె బస్టాండుకు పోతూ లాల్చీ కోసం ఆగింది. ఇస్త్రీ చేసి మడత పెట్టి ఇచ్చాడు. పక్కకుట్లు విప్పి మళ్లీ వేయడానికి అప్పటిదాకా తీరిక దొరికింది. కాని విప్పలేదు. ఆమె దాన్ని పాత పేపర్లో చుడుతుంటే మాత్రం నోరు ఊరుకోలేదు.

"బిగుతైతే లోపల గుడ్డ ఉన్నది. ఎవలతోనన్న కుట్లు ఇప్పించుకొమ్మను."

"నువ్వు కుట్టింది బిగుతెట్లయితది బావా?"

లాల్చీని పెట్టెలో కుక్కబోతే మూత పడలేదు. ఆమె పైన ఉన్న ఒడిబియ్యం మూటను తీసి రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ చూసింది.

"విమానంల గింత బరువు పట్టనియ్యరు. అవ్వకు చెప్పకు, బాధపడ్తది. పారేసేది కాదాయె" అని బల్ల మీద పెట్టింది. "వండుకొని తిను."

అతను పెట్టె నెత్తికెత్తుకొని బస్టాండు దాకా వెళ్లాడు. భారతమ్మ, పోచవ్వ అప్పటికే అక్కడున్నారు. హైదరాబాదు బస్సు నిండుగా వచ్చింది. కిటికీ సీటు దొరకలేదు. జనం మధ్యలో ఆమె చెయ్యి ఒకసారి పైకి లేచింది. బహుశా తమకే ఊపి ఉంటుంది. బస్సు పోయాక భారతమ్మను ఇంటి దగ్గర దిగబెట్టి, లింగమూర్తి కొట్టుకు తిరిగివచ్చి, దీపం వేసి, ఎవరిదో బడి నిక్కరు మిషను మీదికి తీసుకున్నాడు.

కత్తిరించే బల్ల మీద ఒడిబియ్యం మూట, పసుపంటిన గుడ్డతో, ఆమె వేసిన ముడితోనే ఉంది.